బండిని ఆపే బలం ఎవరిది?

వరంగల్ నుంచి ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం చేరే దారి వంద కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఈ దారిన మొదట ఎడ్లబండ్లు నడిచాయి. తర్వాత బస్సులు, జీపులు, లారీలు వచ్చాయి. 2016లో ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన తెరిచాక హైదరాబాదు నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా సాగే జాతీయ రహదారికి ఇది అతుకుపడింది. రవాణా చరిత్ర రాసేటప్పుడు బండిని ఏది కదిలించిందన్న లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది: ఎద్దు, ఆవిరి, పెట్రోలు, డీజిలు. బండిని ఏది ఆపిందన్న సంగతి ఎక్కడో ఒక మూల మాత్రమే ఉంటుంది. నిజానికి మనిషి ప్రాణం ఆధారపడింది ఆ రెండో సంగతి మీదే. ఆ ఆపే బలం గురించే పాత స్పోర్ట్స్ కార్లను బాగుచేయించి దాచుకునేవాళ్ల మధ్య ఇప్పటికీ తెగని ప్రశ్న ఒకటుంది. కాలి బలంతోనే పనిచేసే మామూలు బ్రేకులు ఉంచుకోవాలా, ఇంజన్ సాయం తీసుకునే పవర్ బ్రేకులు పెట్టించుకోవాలా? చాలామంది దీన్ని అభిరుచికి సంబంధించిన విషయంగా చూస్తారు. నా వాదన అది కాదు. ఏటూరునాగారం దారి వంటి దారులు ఈ ప్రశ్నను వందేళ్లలో పలుమార్లు ఎదుర్కొన్నాయి, ప్రతిసారీ జవాబు రెండు విషయాల మీదే తేలింది. ఒకటి, ఆపవలసిన బరువు ఎంత? రెండు, సాయం అందనప్పుడు డ్రైవరు చేతిలో ఏం మిగులుతుంది?

ఎడ్లబండితో మొదలుపెట్టాలి. తాడ్వాయి దగ్గరి మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు రెండేళ్లకోసారి మాఘ మాసంలో జనం తరలివచ్చే ఆచారం మోటారు కన్నా పాతది. తరతరాలుగా కుటుంబాలు వంట సామానుతో, పిల్లలతో, మొక్కుబడి బంగారంగా సమర్పించే బెల్లంతో బండ్లు కట్టుకుని అడవి దారిన వచ్చాయి. రెండు చక్రాల బండి చదునైన నేల మీద నడుస్తున్నప్పుడు దాన్ని ఆపడం కష్టమేమీ కాదు, పగ్గాలు లాగితే ఎడ్లు నిలబడతాయి, వాటితో బండీ నిలబడుతుంది. పల్లంలో కథ మారుతుంది. బరువంతా ముందుకు తోసుకొచ్చి నొగల ద్వారా కాడి మీద పడుతుంది, కాడి ఎడ్ల మెడల మీదికి జరుగుతుంది. అప్పుడు బండికి బ్రేకు అంటే ఎద్దు మెడా, దాని నాలుగు కాళ్ల పట్టూ. తోలేవాడు దిగి చక్రానికి కర్ర ఒత్తిపెట్టడం, అవసరమైతే రాయి అడ్డం వేయడం ఆ జీవాల మీద భారం తగ్గించే సాయం. ఇక్కడే బ్రేకు చరిత్రలోని మొదటి పాఠం ఉంది. కదిలించే బలమే ఆపే బలం కూడా అయినంత కాలం బరువుకు ఒక సహజమైన హద్దు ఉంటుంది. ఎద్దు ఎక్కించగలిగిన బరువును ఎద్దు దింపగలదు. యంత్రం వచ్చి ఆ హద్దును చెరిపేసింది. అపారమైన బరువును లాగే ఇంజన్ పుట్టింది గానీ, దాన్ని ఆపే పని చాలాకాలం మనిషి చేతులకే మిగిలింది.

ఆ వ్యత్యాసం ఎంత ప్రమాదకరమో మొదట రైలు మార్గాల మీద బయటపడింది. తొలినాళ్ల రైళ్లలో గార్డులు చక్రం తిప్పి బిగించే హ్యాండ్ బ్రేకులే దిక్కు. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకు తెచ్చాడు. 1872లో దాన్ని తిరగేసి మెరుగుపరిచాడు: గొట్టంలో గాలి ఉన్నంతసేపు బ్రేకు వదులుగా ఉంటుంది, గాలి పోతే దానంతటదే పడుతుంది. ఈ తేడా విలువ 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర తెలిసింది. పిల్లలతో నిండిన విహారయాత్ర రైలు ఎగువదారిలో ఆగిపోతే, రైలును రెండుగా విడదీసి ముందు భాగాన్ని తీసుకెళ్లాలనుకున్నారు. ఆ రైలుకు పవర్ బ్రేకు ఉంది, కానీ అది గొట్టం విడదీయగానే పనిచేయడం మానేసే రకం. వెనక పెట్టెలను గార్డు హ్యాండ్ బ్రేకూ, చక్రాల కింద పెట్టిన రాళ్లూ ఆపలేకపోయాయి. అవి దొర్లుకుంటూ వెనక వస్తున్న మరో రైలును గుద్దుకుని 80 మంది చనిపోయారు. ఆ ఏడాదే బ్రిటన్ చట్టం చేసి, ప్రయాణికుల రైళ్లలో దానంతటదే పడే బ్రేకును తప్పనిసరి చేసింది.  పవర్ బ్రేకు ఉండడం ఒక్కటే చాలదనీ, ఆ సాయం పోయిన క్షణంలో ఏం జరుగుతుందో ముందే ఆలోచించి ఉండాలనీ ఆర్మా నేర్పింది. పల్లంలో చక్రం కింద రాయి పెట్టే మన బండ్లవాళ్ల అలవాటూ, ఆర్మాలో రాళ్లు పెట్టిన చేతుల ఆరాటమూ ఒకటే. తేడా అంతా బరువుది.

కార్లు మొదట్లో ఈ పాఠం పట్టించుకోలేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం సింహాసనపు కారు, 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, ఆ కాలపు వైభవానికి గుర్తు. అప్పటి సిల్వర్ ఘోస్టుల ముందు చక్రాలకు బ్రేకులే లేవు. ఆ కార్లకు ముందు బ్రేకులు 1920ల్లో గానీ రాలేదు. అంతకు ముందే, 1919లో హిస్పానో సుయిజా హెచ్6 కారు ఒక తెలివైన ఏర్పాటు చూపించింది. గేరుబాక్సు నుంచి తిరిగే చిన్న డ్రమ్ము డ్రైవరు కాలి బలాన్ని అందుకుని, బండి చలనాన్నే వాడుకుని ఆ బలాన్ని పెంచి చక్రాలకు పంపుతుంది. రోల్స్ రాయిస్ ఆ పద్ధతినే తీసుకుని దశాబ్దాల పాటు వాడుకుంది. ఇందులోని గొప్పతనం ఏమిటంటే, సాయం ఇంజన్ నుంచి కాక తిరుగుతున్న చక్రాల నుంచి వస్తుంది. ఇంజన్ ఆగిపోయినా బండి కదులుతున్నంతసేపు బ్రేకుకు సాయం ఉంటుంది. ఆపవలసిన అవసరం ఉన్నంతసేపూ ఆపే బలం కూడా ఉంటుందన్నమాట. తర్వాత వచ్చిన చౌకైన పద్ధతి, ఇంజన్ పీల్చే గాలి వల్ల ఏర్పడే శూన్యాన్ని వాడుకునే వాక్యూమ్ బూస్టర్. అది తేలికైనది, నిశ్శబ్దమైనది, ఈ రోజు చాలా పెట్రోలు కార్లలో మనకు తెలియకుండా పనిచేస్తున్నది. కానీ అది ఇంజన్‌కు కట్టుబడిన సాయం.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి చెప్పాలి. పాత డ్రమ్ము బ్రేకుకు తనలోనే కొంత పవర్ ఉంది. పెడలు తొక్కితే డ్రమ్ము లోపలి షూలు విచ్చుకుని దాని గోడను ఒరుసుకుంటాయి. తిరుగుతున్న డ్రమ్ము ముందు షూను తనతో పాటు లాక్కుపోబోతుంది, ఆ లాగుడుకు షూ మరింత గట్టిగా అదుముకుంటుంది. అంటే చక్రం తిరిగే వేగమే తనను ఆపుకోవడానికి సాయం చేస్తుంది. ఈ గుణం వల్లే టన్నుకు పైగా బరువున్న అంబాసిడర్ కార్లు నాలుగు డ్రమ్ములతో, బూస్టర్ లేకుండా, దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరగగలిగాయి. ఏజెన్సీ దారుల్లో సర్కారు అధికారులనూ తర్వాత ప్రయాణికులనూ మోసిన పాత జీపులూ ఆ కోవవే. అయితే ఈ సొంత పవర్‌కు నీళ్లంటే పడదు. ఏటూరునాగారం చుట్టూ జంపన్నవాగు వంటి వాగులెన్నో ఉన్నాయి. వంతెనలు లేని రోజుల్లో వాగు దాటడమంటే నీళ్లలో దిగడమే. నీళ్లు చొరబడిన డ్రమ్ములో లైనర్ జారుతుంది, ముందు షూకు ఒరిపిడి దొరకదు, దాంతో అది తెచ్చే అదనపు బలమూ పోతుంది. గట్టు ఎక్కిన జీపు మొదటి తొక్కుడుకు ఆగదు. కాసేపు పెడలును సన్నగా తొక్కిపట్టి నడిపి, ఆ వేడికి తడి ఆరనివ్వాలని అనుభవమున్న డ్రైవర్లకు తెలుసు. యంత్రం ఎంత సరళమైనదైనా దాని సాయానికి ఒక షరతు ఉంటుందనీ, ఆ షరతు తెలిసినవాడే డ్రైవరనీ ఈ నేల మీది వాగులు నేర్పాయి.

డ్రమ్ముకు రెండో శత్రువు వేడి. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది, ఆ శక్తి అంతా బ్రేకులో వేడిగా మారవలసిందే. మూసి ఉన్న డ్రమ్ములో వేడి నిలిచిపోయి పట్టు సడలుతుంది. స్పోర్ట్స్ కార్ల ప్రపంచం ఈ చిక్కుకు ఎంచుకున్న మందు డిస్కు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి టైప్ గెలిచాక దాని సత్తా లోకానికి తెలిసింది. కానీ డిస్కులో డ్రమ్ముకున్న సొంత సాయం లేదు. డిస్కు పళ్లెం తిరుగుతున్నా అది ప్యాడ్‌ను తన వైపు లాక్కోదు, ఎంత నొక్కితే అంతే పట్టుకుంటుంది. అందుకే ఆ జాగ్వార్‌లో గేరుబాక్సు తిప్పే పంపు పెట్టి కాలికి సాయం చేయించారు. పవర్ బ్రేకు సుఖానికి పుట్టిన విలాసమనే మాట ఇక్కడే తేలిపోతుంది. బరువైన కార్లలో డిస్కు తన వెంట బూస్టర్‌ను తెచ్చుకుంది, ఎందుకంటే డ్రమ్ము గుట్టుగా చేసిపెట్టిన పనిని ఇప్పుడు ఇంకొకరు చేయాలి. 1961లో వచ్చిన జాగ్వార్ ఇ టైప్ నాలుగు చక్రాలకూ డిస్కులతో, వాక్యూమ్ సాయంతో వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ముందు డిస్కులతో వచ్చినా బూస్టర్ లేకుండానే వచ్చింది, దాని బరువు సుమారు 710 కిలోలే కాబట్టి. మద్రాసులో తయారై తెలుగు ఊళ్లలోనూ తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ ఆ స్పిట్‌ఫైర్‌కు రక్తసంబంధి. హెరాల్డ్ చట్రం నుంచే స్పిట్‌ఫైర్ పుట్టింది. ఇ టైప్, స్పిట్‌ఫైర్ రెండూ ఒకే కాలానివి, రెండూ స్పోర్ట్స్ కార్లే, కానీ బరువు వేరు గనుక జవాబులూ వేరు.

ఇప్పుడు బస్సు సంగతికి వద్దాం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులవి. ఆ పునాది మీదే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. 2024 మేడారం జాతరకు తెలంగాణ ఆర్టీసీ 6,000 ప్రత్యేక బస్సులు ప్రకటించింది. జనంతో నిండిన పెద్ద బస్సు పదిహేను టన్నుల దాకా తూగుతుంది, అంటే ఆ స్పిట్‌ఫైర్‌కు ఇరవై రెట్లు. అదే వేగంలో ఆపడానికి ఇరవై రెట్ల శక్తిని మింగాలి. డ్రైవరు కాలు మాత్రం ఇరవై రెట్లు కాదు. గట్టిగా తొక్కితే మనిషి యాభై అరవై కిలోల బలం పెట్టగలడు. పెడలు మీట దాన్ని ఐదారు రెట్లు పెంచినా అది పదిహేను టన్నులకు సరిపోదు. అందుకే పెద్ద బస్సులకు, లారీలకు కంప్రెసర్ నింపే గాలే బలం. ఆ గాలి పోతే ఏమవుతుంది? నేటి ఎయిర్ బ్రేకు బండ్లలో వెనక చక్రాల దగ్గర గట్టి స్ప్రింగులు ఉంటాయి. గాలి వాటిని వెనక్కి నొక్కిపెట్టి ఉంచుతుంది, గాలి తగ్గితే స్ప్రింగులు ముందుకొచ్చి బ్రేకు బిగించేస్తాయి. వెస్టింగ్‌హౌస్ 1872లో చేసిన ఆలోచనే ఇది. భక్తులతో నిండి తాడ్వాయి అడవిలోంచి వెళ్లే బస్సు ఆర్మా నేర్పిన జాగ్రత్తను మోసుకుపోతున్నది. అక్కడ కాలి బలమా, యంత్ర బలమా అన్న చర్చకే తావు లేదు.

ఈ మాటకు పాత కార్ల అభిమానుల నుంచి బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. బస్సుకు సరే, స్పోర్ట్స్ కారు వేరు. కాలి కింద పెడలు చెప్పే కబురే దాని ప్రాణం, చక్రం ఎప్పుడు జారబోతుందో, లైనర్ ఎంత వేడెక్కిందో మామూలు బ్రేకులో కాలికి తెలుస్తుంది, బూస్టర్ ఆ కబురును మింగేస్తుంది అంటారు. ఇందులో నిజముంది. తక్కువ బరువున్న కారులో మామూలు బ్రేకు ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో చెప్పడానికి పోర్షే 911 చాలు. టన్ను చుట్టూ తూగే ఆ కారు నాలుగు డిస్కులతో, బూస్టర్ లేకుండా 1970ల మధ్య దాకా నడిచింది, దాని బ్రేకులను ఎవరూ తక్కువ చేసి మాట్లాడలేదు. కానీ ఆ స్పష్టత బూస్టర్ లేకపోవడం వల్లనే వచ్చిందనుకోవడం పొరపాటు. పెడలు బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ వ్యాసం, పెడలు మీట, గొట్టాల గట్టిదనం, ప్యాడ్ల రకం అన్నీ ఒకదానితో ఒకటి పొందిగ్గా ఉండడం వల్ల వచ్చింది. ఉబ్బిపోయిన పాత రబ్బరు గొట్టాలున్న కారులో మామూలు బ్రేకు కూడా అబద్ధమే చెబుతుంది. తడిసిన డ్రమ్ము చెప్పే కబురు స్పష్టంగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. కబురు విలువైనదే, ఆగడం అంతకన్నా విలువైనది.

ఎదుటి వైపు నుంచి వచ్చే అభ్యంతరం దీనికి విరుద్ధం. ప్రాణాలతో పని కాబట్టి ఏ పాత కారుకైనా బూస్టర్ పెట్టించేస్తే సరిపోతుంది కదా అని. ఇక్కడ యంత్రం పని తీరు చూడాలి. 23 సెంటీమీటర్ల వ్యాసమున్న బూస్టర్ పొరకు ఒకవైపు పాక్షిక శూన్యం, ఇంకోవైపు బయటి గాలి ఉంటే, ఆ తేడా సుమారు 250 కిలోల బలమై మాస్టర్ సిలిండర్‌ను తోస్తుంది. కాలికి అది గొప్ప ఊరట. అయితే కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది చివరికి టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టు మీద ఆధారపడుతుంది. కాలి బలంతోనే చక్రాలను బిగించగలిగిన తేలిక కారుకు బూస్టర్ పెడితే ఆగే దూరం తగ్గదు. సన్నని పాత టైర్ల మీద చక్రం ముందే బిగిసి, కారు జారే ప్రమాదం పెరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది. బూస్టర్ ఉంటుందన్న ధీమాతో తయారీదారులు పెడలు మీటను మూడు నాలుగు రెట్లకే తగ్గిస్తారు. కాబట్టి బూస్టర్ ఆగిపోయిన పవర్ బ్రేకు, అసలు బూస్టరే లేని బ్రేకు కన్నా ఎక్కువ మొండికేస్తుంది. డీజిలో పెట్రోలో మిగుల్చుకుందామని పల్లంలో ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో దొర్లించే అలవాటు మన రోడ్ల మీద పాతదే. బూస్టర్‌లో నిలవ ఉన్న శూన్యం రెండు మూడు తొక్కుళ్లకు అయిపోతుంది, ఆ తర్వాత రాయిలాంటి పెడలు మిగులుతుంది. విడదీసిన గొట్టంతో ఆర్మా దగ్గర దొర్లిపోయిన పెట్టెలకూ, ఇంజన్ ఆపేసి గుట్ట దిగే ఈ బండికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మూడో అభ్యంతరమే నాకు అన్నిటికన్నా న్యాయంగా అనిపిస్తుంది. బ్రేకు తొక్కే కాలు ఎవరిదైనా కావచ్చు. మామూలు బ్రేకే గొప్పదనే వాదన వెనక కండబలమున్న మగవాడు మాత్రమే డ్రైవరనే పాత ఊహ దాగి ఉంటుంది. బరువైన స్టీరింగు, గట్టి క్లచ్, మొండి బ్రేకు కలిసి ఎంతోమందిని, ముఖ్యంగా ఆడవాళ్లనూ వయసు మీరినవాళ్లనూ కాళ్లలో బలం తగ్గినవాళ్లనూ డ్రైవరు సీటుకు దూరంగా ఉంచాయి. పవర్ బ్రేకు ఆ తలుపు తెరిచిన సాధనాల్లో ఒకటి. రోజంతా బస్సు నడిపే డ్రైవరు మోకాలిని కాపాడిందీ అదే. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడే ఏ అభిరుచినీ నేను ఒప్పుకోలేను. పాత కారును ఇంట్లో అందరూ నడపాలనుకుంటే, ఆ అందరిలో బలం తక్కువైన కాలిని కొలతగా పెట్టుకోవాలి. ఆ కాలు అత్యవసరంలో చక్రాలను బిగించలేకపోతే ఆ కారుకు సాయం అవసరమే, చరిత్ర ప్రేమికులు ఏమన్నా సరే. అయితే ఆ సాయాన్ని ఒక్క బూస్టర్ బిగించి ముగించకూడదు. పెడలు మీట, మాస్టర్ సిలిండర్ కొలత దానికి తగ్గట్టు మార్చాలి. పందెపు కామ్ షాఫ్టు వేసిన ఇంజన్లలో శూన్యం చాలినంత ఉండదు కాబట్టి అది ఎంత దొరుకుతుందో కొలిచి చూసుకోవాలి.

ఇన్ని సాక్ష్యాల తర్వాత పాత స్పోర్ట్స్ కారు యజమానికి చెప్పవలసిన మాట సూటిగానే ఉంది. టన్ను లోపు కారు, డ్రమ్ములో చిన్న డిస్కులో ఉన్నది, నడిపే కాలికి చాలినంత బలముంటే మామూలు బ్రేకు ఉంచుకోవడమే మేలు. దాన్ని చేసినవాళ్లు ఆ బరువుకు లెక్క కట్టే అలా చేశారు. బరువైన కారు, నాలుగు డిస్కులున్నది, పుట్టుకతో బూస్టర్ ఉన్నదైతే దాన్ని పీకేసి మొనగాడితనం చూపించడం తప్పు. ఏ దారి ఎంచుకున్నా మొదటి రూపాయి మాత్రం వేరే చోట పెట్టాలి. పాత కార్లలో చాలావాటికి బ్రేక్ ఆయిల్ దారి ఒక్కటే, ఎక్కడ గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. 1960ల్లో అమెరికా కార్లలో దారిని రెండుగా చీల్చే పద్ధతి స్థిరపడింది, ఒక దారి పోయినా రెండోది నిలుస్తుంది. వీలున్న కారుకు ఆ మార్పు చేయించడం, రబ్బరు గొట్టాలు మార్చడం, గాలిలోని తేమను పీల్చుకుని వేడికి మరిగిపోయే పాత ఆయిల్‌ను రెండేళ్లకోసారైనా తీసేయడం బూస్టర్ కన్నా ముందు రావాలి. గోదావరి ఒడ్డున వానాకాలపు తేమలో ఈ చివరి పనికి మరింత విలువ. పల్లంలో బండి దిగి చక్రానికి కర్ర ఒత్తిన మనిషికి తన ఎడ్ల బలం ఎంతో తెలుసు, తన బండి బరువు ఎంతో తెలుసు, ఎడ్లు నిలవలేకపోతే వేయడానికి చేతిలో రాయి ఉంది. డెబ్భై ఏళ్ల కిందటి కారును రోడ్డెక్కించే ఎవరైనా కనీసం ఆ మూడూ తెలుసుకుని ఎక్కించాలి.